చెయ్యి వదిలిందెవరు?

పోయిన వారం ఆ ఇంటి గుమ్మం దగ్గర మనం ఆగిపోయేసరికి కోడలి చేతిలో ఒక చొక్కా ఉంది. సరికొత్తది. కాలరు కింద అట్టముక్క, గుండుసూదులు ఇంకా తియ్యనే లేదు. అత్తగారి ప్రయాణపు సంచి బరువు చూడబోతే అడుగున, మడిచిన బట్టల కింద దొరికింది. ఆ ఇంట్లో మగవాళ్లు ఇద్దరే. ఒకడు బుడ్డోడు, ఇప్పుడిప్పుడే ఒకటో తరగతి. రెండో ఆయన వాడి నాన్న, లిఫ్టు మెకానిక్, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయే బక్కపలచని మనిషి. ఆ చొక్కాలో ఆయన్ని దూర్చితే పక్కన ఇంకొకరికి చోటు మిగులుతుంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. పెళ్లయినప్పటి నుంచి ఆ సంసారం కలిసికట్టుగా ఊరు దాటింది లేదు. కోడలిది కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్లకి అక్షరాల బోర్డు చూపించి కళ్లు పరీక్షిస్తుంది. ఆయనకేమో ఎప్పుడు ఏ లిఫ్టు ఎక్కడ ఆగి కబురొస్తుందో తెలియదు. అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర, "ఈసారి పిల్లల సెలవులకి గల్ఫ్ వెళ్దాం" అన్నాడు. ఊరి పేరు కూడా తనే చెప్పాడు. పిల్లలు కంచాల ముందు నుంచి లేచి గంతులేశారు. నాలుగో తరగతి చదివే పాప ఆ నగరాన్ని పెద్ద అట్ట మీద రంగు పెన్నులతో గీసేసింది. ఆకాశాన్నంటే మేడ, ఇసుక తిన్నెలు, అద్దాల గోడ వెనక చేపలు, మండే ఎండల్లోనూ మంచు కురిసే గది. అన్నిటికీ ఆయన సరేనన్నాడు. చేపల అద్దం మందం ఎంతో కనుక్కుని మరీ సరేనన్నాడు. పడవ మాత్రం వద్దన్నాడు. బీచి వద్దన్నాడు. పిల్లలు ప్రాణం పెట్టుకున్న నీళ్ల పార్కు మాటెత్తితే అన్నం సగంలో లేచిపోయాడు. అది చాలదన్నట్టు, బస్సెక్కితేనే తల తిరుగుతుందనే అత్తగారు "నేనూ వస్తా" అని భీష్మించుకు కూర్చుంది.

ఎందుకు వస్తానందో ఆ చొక్కాకి తెలుసు. కోడలికి ఇంకా తెలియదు.

మధ్యాహ్నం ఎండ కిటికీ దాటి హాలు మధ్యకి వచ్చింది. పిల్లలిద్దరూ అట్టకి అటొకరు ఇటొకరు బోర్లా పడుకుని ఒంటెకి మూపురం ఒకటా రెండా అని కొట్టుకుంటున్నారు. ఆయన పైన మేడ మీద మిషను గదిలో ఉన్నాడు. తామున్న బిల్డింగు లిఫ్టే నాలుగు రోజులుగా ఆగేటప్పుడు కుదుపుతోందని, సెలవు రోజున పనిముట్ల పెట్టె పట్టుకుని ఎక్కాడు. అత్తగారు తన గదిలో మంచం అంచున కూర్చుని బుడ్డోడి పైజమాకి పిన్నీసుతో నాడా ఎక్కిస్తోంది.

కోడలు లోపలికి వచ్చి చొక్కాని మంచం మీద పెట్టింది.

"ఇదెవరికి అత్తయ్యా?"

అత్తగారు పిన్నీసు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఎవరికేమిటి, మీ ఆయనకే. విమానం ఎక్కేటప్పుడు ఒంటి మీద మంచి బట్ట ఉండొద్దూ?"

"ఆయన భుజం కొలత మీకు తెలీదా?"

"ఉతికితే కుదించుకుపోతుందిలే."

"ఇది కుదించుకుపోయేలోపు మన బుడ్డోడు పెరిగి పెద్దవాడై వేసుకుంటాడు."

నవ్వాల్సిన మాటే. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. పైజమా లోపల పిన్నీసు ఎక్కడో ఆగిపోయింది. అత్తగారి వేళ్లు బట్ట మీది నుంచి దాన్ని తడుముతున్నాయి గానీ ముందుకి జరపడం లేదు.

కోడలు తలుపు దగ్గరికి వేసింది.

"మీరు చెప్పకపోతే మేడెక్కి ఆయన్నే అడుగుతాను."

"వద్దు!" అత్తగారు పైజమా పక్కన పడేసి లేచి నిలబడింది. "వాణ్ణి అడగొద్దు. నీకు పుణ్యం ఉంటుంది. చెబుతాను, కూర్చో."

కోడలు కూర్చోలేదు.

"పెద్దాడికి" అంది అత్తగారు. ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే, హాల్లో పిల్లల గోల ఇంకాస్త పెరిగి ఉంటే వినపడేది కాదు.

భర్తకి ఒక అన్నయ్య ఉన్నాడని, కుర్రతనంలోనే ఇల్లు విడిచి వెళ్లిపోయాడని కోడలికి తెలుసు. తెలిసింది అంతే. పెళ్లయిన కొత్తలో ఒకసారి, "మీ అన్నయ్యగారు ఎక్కడున్నారు?" అని అడిగింది. ఆయన జవాబివ్వకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ అడిగే ధైర్యం చెయ్యలేదు. మనిషి ఉన్నాడో లేడో కూడా ఎవరూ చెప్పలేదు, తనూ కదపలేదు.

"బావగారు ఉన్నారా?"

"లేకేం. నిక్షేపంలా ఉన్నాడు. లావెక్కాడు కూడా. ఫోనులో మొహం చూపిస్తాడు." అత్తగారి పెదాల మీద ఒక్క క్షణం ఏదో వెలిగి ఆరిపోయింది. "నువ్వు షాపుకి, వాడు పనికి, పిల్లలు బడికి వెళ్లాక చేస్తాడు. తిన్నావా అంటాడు. మందులేసుకున్నావా అంటాడు. అంతే. పెళ్లీ పెటాకులూ లేవు."

"ఎక్కడుంటారు?"

అత్తగారు సంచి వైపు చూసింది. కోడలు మంచం మీది చొక్కాని చూసింది, విప్పి ఉన్న ప్రయాణపు సంచిని చూసింది.

"ఆ ఊళ్లోనేనా?"

"ఆ ఊళ్లోనే."

"ఏం పని?"

"నీళ్ల పార్కులో. పిల్లలు ఆడుకునే కొలను ఉంటుందే, దాని గట్టు మీద ఎత్తు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఏ పిల్లైనా మునుగుతోందేమో చూస్తుంటాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా అదే పని."

కోడలు చటుక్కున తలెత్తింది. నీళ్ల పార్కు. ఆ మాట ఈ ఇంట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన చెప్పలేదు. తను చెప్పలేదు. "అక్కడ మేడంత ఎత్తు జారుడుబల్ల ఉందటమ్మా, కెరటాలు కూడా వాళ్లే పుట్టిస్తారట" అని పాప వచ్చి చెప్పినప్పుడు, ఎవరు చెప్పారే అంటే, "నానమ్మ" అంది. టీవీలో చూసి ఉంటుందిలే అనుకుంది తను.

"అత్తయ్యా, ఆ పార్కు సంగతి పిల్లల చెవిలో వేసింది మీరేనా? వాళ్ల చేత అడిగించారా?"

"అడిగించడం ఏముంది, ఉన్న మాట చెప్పాను."

"ఏమీ తెలీకుండా ఆయన పిల్లల్ని తీసుకుని ఆ గట్టు మీదకి వెళ్తే, ఎదురుగా అన్నయ్య కనబడాలి. పిల్లల ముందు ఏమీ అనలేడు, నోరు మూసుకుంటాడు. అదేనా మీ పన్నాగం? పసివాళ్లని ఎర వేశారా?"

"ఎర అంటావేమిటే? వాడూ నా కడుపున పుట్టినవాడే!" అత్తగారి గొంతు పైకి లేచి, పిల్లలు గుర్తొచ్చి కిందికి దిగింది. "నాకు మాత్రం ఎన్నాళ్లుంటాయి? ఇద్దర్నీ ఒకచోట కళ్లారా చూసి పోవాలని ఉండదా? నేను దాచానని గుడ్లురుముతున్నావు గానీ నువ్వు దాచలేదా? పాపకి వారం వారం బడిలో ఏదో డ్రాయింగు క్లాసని మీ ఆయనకి చెప్తావు. డ్రాయింగు క్లాసు నుంచి వచ్చిన పిల్ల జుట్టు మందు నీళ్ల కంపు కొడుతుందా? ఈత నేర్పిస్తున్నావు. నా ముక్కు ఇంకా పనిచేస్తోంది."

కోడలు చూపు దించుకుంది. అవును. ఆయనకి తెలియకుండా పాపని ఈతలో చేర్పించింది. పిల్లకి నీళ్లంటే ఇష్టం, ఆయనకి భయం. ఆ భయం పిల్లలకి అంటకూడదనుకుంది. నచ్చజెప్పి చూసింది, కుదరక అబద్ధమాడింది.

"తెలిసీ ఎందుకూరుకున్నారు?"

"నేర్చుకోవాలి గనక" అంది అత్తగారు. "చిట్టికి వచ్చి ఉంటే..."

అక్కడ ఆగిపోయింది.

తలుపు మీద దబదబా చప్పుడైంది. బుడ్డోడు. "అమ్మా! ఒంటె మన మీద ఉమ్మేస్తుందా? అక్క అంటోంది, ఎవరు అల్లరి చేస్తే వాళ్ల మీదే ఉమ్మేస్తుందట!"

"ఉమ్మదు నాన్నా. వెళ్లి ఆడుకో."

"నిజంగా ఉమ్మదా?"

"నువ్వు దాని వెనకాల నించో. వెళ్లు."

చిన్న పాదాలు పరుగెత్తుకుపోయాయి. కోడలు ఈసారి మంచం మీద కూర్చుంది.

"చిట్టి ఎవరు అత్తయ్యా?"

"నా కూతురు."

ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని ఎవరో బంధువు అంటే విని ఉంది కోడలు. పురిట్లోనే అనుకుంది. పుట్టి, నడిచి, మాట్లాడి, పేరు పెట్టి పిలిస్తే పలికి, అప్పుడు పోయిందని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

అత్తగారు గోడకేసి చూస్తూ మొదలుపెట్టింది. "సముద్రం చూపిస్తానని మీ మావయ్య తీసుకెళ్లాడు. అందరం కలిసి సరదాగా వెళ్లింది ఆ ఒక్కసారే. పెద్దాడికి అప్పటికి నూనూగు మీసాలు. మీ ఆయనకి ఇప్పుడు మన పాప వయసు. చిట్టికి ఇంకా బడి కూడా లేదు. మీ మావయ్య గొడుగు కింద కునుకు తీస్తున్నాడు. నేను కాస్త అవతల, పిక్కల లోతు నీళ్లలో గవ్వలేరుకుంటున్నాను. పెద్దాడు ఐసు తెస్తానని లేచాడు. వెళ్తూ వెళ్తూ చిట్టి చెయ్యి తమ్ముడి చేతిలో పెట్టి, వదలకురా అన్నాడు. చిన్న పిల్లాడు, వాడెంతసేపు పట్టుకుంటాడు? పెద్ద కెరటం ఒకటి వచ్చింది. నేను తలెత్తేసరికి వీడొక్కడే ఉన్నాడు. చెయ్యి ఇలా ముందుకి చాపి."

తన చెయ్యి చాపి చూపించింది. ఆమె దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"పెద్దాడు ఐసు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ఈత రాదు, అయినా దూకాడు. పక్కనున్నవాళ్లు వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. పిల్లని మాత్రం తేలేకపోయారు. 'ఎవర్రా దాన్ని చూస్తున్నది?' అని మీ మావయ్య అరిచాడు. పెద్దాడు ముందుకొచ్చి, 'నేనే నాన్నా, నా చేతిలోంచి జారిపోయింది' అన్నాడు."

"బావగారు అక్కడ లేరుగా?"

"లేడు. వాడి చేతిలో ఐసు నేను చూశాను. ఇంటికొచ్చాక నిలదీశాను. అప్పుడన్నాడు, 'తమ్ముడు వదిలేశాడమ్మా. నాన్నకి తెలిస్తే వాణ్ణి బతకనివ్వడు. నేనైతే నాలుగు తన్నులు తింటాను' అని. తన్నులతో పోలేదమ్మాయ్. నా కళ్లబడకు అన్నాడు మీ మావయ్య. చచ్చేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మీ ఆయనేమో జ్వరం వచ్చి పడిపోయాడు. లేచాక వాడికి ఏమీ గుర్తు లేదు. అందరూ అన్నయ్యే అన్నారు, వాడూ అదే నమ్మాడు. నేను నమ్మనిచ్చాను. ఒకత్తి పోయింది, ఒకడు వెళ్లిపోయాడు. మిగిలిన ఒక్కణ్ణీ ఎలా చంపుకోను?"

కోడలికి అత్తగారి మీద కోపం పోలేదు. జాలి వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే. ఆ రెంటినీ దాటుకుని ఇంకేదో ఆమె మనసులో కదులుతోంది. ఆయన పాప చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే తీరు.

"ఆయనకి గుర్తు లేదని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? వాడెప్పుడైనా ఎత్తాడా ఆ మాట?"

"ఎత్తకపోతే గుర్తు లేనట్టా? రోడ్డు దాటాక కూడా ఆయన పాప చెయ్యి వదలరు. పిల్ల వేళ్లు ఎర్రగా కందిపోతాయి. నొప్పెడుతోంది నాన్నా అంటే తప్ప పట్టు సడలించరు. ఒకసారి జనంలో బుడ్డోడు రెండు నిమిషాలు కనబడకపోతే దొరికాక వాణ్ణి తిట్టలేదు, గోడవారకి వెళ్లి వాంతి చేసుకున్నారు. గుర్తు లేని మనిషి చేసే పనులా అత్తయ్యా ఇవి?"

కోడలు అక్షరాల బోర్డు ముందు ఎంతోమందిని కూర్చోబెట్టింది. ఉన్నట్టుండి కింది వరస కనబడినప్పుడు మనుషుల మొహాలు ఎలా మారతాయో ఆమెకి తెలుసు. ఇప్పుడు అత్తగారి మొహం అలా మారింది.

"వాడితో ఏమీ అననని మాటివ్వు" అంది చివరికి. "అక్కడికి వెళ్లేదాకా."

"ఇవ్వలేను" అని కోడలు తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. "నానమ్మ దగ్గరే ఉండండి" అని పిల్లలకి చెప్పి మేడ మెట్లెక్కింది.

మిషను గది చిన్నది. లోపల గ్రీజు వాసన, ఉక్క. మెయిన్ స్విచ్ ఆపేసి ఉంది. ఆయన బనీనుతో నేల మీద చతికిలబడి, బ్రేకు విప్పి దాని పట్టీలని గుడ్డతో తుడుస్తున్నాడు. అరిగిన చోట బొటనవేలితో రాసి చూస్తున్నాడు.

"కింద పిల్లలొక్కళ్లే ఉన్నారా?" అన్నాడు తల తిప్పకుండానే.

"అత్తయ్య ఉన్నారు."

"సరే. ఆ స్పానరందుకో."

ఆమె అందించింది. అందిస్తూ అంది, "ఈ ప్రయాణం మానేద్దామండీ."

ఆయన చెయ్యి ఆగింది. "టికెట్లు కొనేశాక ఇదేం మాట? పిల్లలేమైపోతారు?"

"వేరే ఎక్కడికైనా వెళ్దాం. కొండల్లోకి వెళ్దాం. అక్కడికి మాత్రం వద్దు. అక్కడ... అక్కడ బావగారున్నారు."

కేకలేస్తాడనుకుంది. స్పానరు విసిరికొట్టి మెట్లు దిగి వెళ్లిపోతాడనుకుంది. ఆయన మాత్రం బోల్టు బిగించాడు, లాగి చూశాడు, ఇంకో చుట్టు బిగించాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయన అక్కడున్నాడని. ఊరు ఎంచింది నేనే కదా."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, తుడుస్తూనే ఉన్నాడు.

"పోయినేడు అమ్మ ఫోను పాడైందని నాకిచ్చింది. బాగుచేసి చూస్తే రోజూ ఒకే నంబరు. అమ్మ ఫోన్లోంచే మోగించాను. ఎత్తగానే, 'తిన్నావా అమ్మా?' అన్నాడు. నేను పెట్టేశాను. మళ్లీ చెయ్యడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు అప్పుడప్పుడూ మాట్లాడుకుంటాం. మిమ్మల్ని చేపల దగ్గర వదిలి నేనొక్కణ్ణే వెళ్లి కలుద్దామనుకున్నాను. పిల్లల ముందు, ఆ నీళ్ల ముందు నా వల్ల కాదు. అందుకే పార్కు వద్దన్నాను." తలెత్తి ఆమెని చూశాడు. "అమ్మ చెప్పిందా నీకు? ఎంతవరకు చెప్పింది?"

"మీ చేతిలోంచి చిట్టి..."

"చెయ్యి వదిలేశానని. అంతేగా?"

"మీకు గుర్తుందా?"

"నాకు గుర్తు లేదనుకుంటే అమ్మకి హాయి. సరే అనుకోనీ అనుకున్నాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెని భయపెట్టింది. "అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ రోజు నుంచి నా చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఎక్కడికి తీసుకెళ్లినా భుజం పట్టుకుని నడిపించేది."

కోడలు పక్కన కూర్చుని ఆయన గ్రీజు చెయ్యి పట్టుకుంది. "పిల్లాడండీ మీరు అప్పటికి. పెద్ద కెరటం వస్తే పట్టు ఎలా నిలుస్తుంది?"

"నేను వదల్లేదు."

"ఏమిటి?"

"చెయ్యి నేను వదల్లేదు. అది విదిలించుకుంది. ఎందుకో తెలుసా? అమ్మ పిలిచింది. 'చిట్టీ, ఇటు రావే, ఎంత పెద్ద గవ్వో చూడు' అని. వంగి, నీళ్లలోకి చూస్తూ పిలిచింది. ఆ హోరులో తన పిలుపు వినపడిందని కూడా అమ్మకి తెలీదు. అది వింది. నా చెయ్యి విదిల్చుకుని అమ్మ దగ్గరికని నీళ్లకి అడ్డంగా పరుగెత్తింది. అప్పుడొచ్చింది కెరటం."

ఆమె పట్టుకున్న చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అన్నయ్యకి చెప్పాను. 'ఇది ఇంకెవరితోనూ అనకురా, అమ్మ బతకదు' అన్నాడు. నాన్న దగ్గర తప్పు తన మీద వేసుకున్నాడు. అమ్మ నమ్మలేదు, అన్నయ్య ఐసుతో రావడం చూసింది కదా. నిలదీసింది. ఏదో ఒకటి చెప్పాలి. 'నీ పేరు చెప్పనా తమ్ముడూ?' అని నన్ను అడిగాడు. చెప్పమన్నాను." రెండో చేతిలోని గుడ్డ నేల మీద పెట్టాడు. "ఏం అడుగుతున్నాడో తెలిసే చెప్పమన్నాను."

కింద వీధిలో ఎవరిదో బండి హారన్ మోగి ఆగిపోయింది. కోడలికి తను ఇందాక గదిలో అన్న మాట ఒక్కొక్క ముక్కే గుర్తుకొచ్చింది. గుర్తు లేదని మీకెవరు చెప్పారు? రోడ్డు దాటాక కూడా చెయ్యి వదలరు. వాంతి చేసుకున్నారు.

"ఏవండీ, నేనొక తప్పు చేశాను. మీకు అంతా గుర్తుందని అత్తయ్యతో అనేశాను."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మతోనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. పైకి వచ్చే ముందు."

జవాబు చెప్పేలోపే పనిముట్ల పెట్టె మీద ఫోను మోగింది. ఆయన నంబరు చూశాడు గానీ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్లీ మొదలైంది.

"అన్నయ్య. ఈ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యడు. డ్యూటీలో ఉంటాడు."

ఆయన చేతులు కదలకపోవడం చూసి కోడలే ఫోను తీసుకుంది.

"బావగారూ, నేనండీ. మీ తమ్ముడి భార్యని."

అవతల నీళ్లు చిమ్ముతున్న చప్పుడు, పిల్లల కేరింతలు, ఎక్కడో విజిల్. వాటి మధ్య నుంచి ఒక మగ గొంతు. అచ్చం ఆయన గొంతే, కాస్త బరువెక్కింది, అంతే.

"వాడున్నాడా తల్లీ? సరే, నువ్వైనా విను. అమ్మ ఇప్పుడే చేసింది. తమ్ముడికి అంతా గుర్తుందటగా అని అడిగింది. ఉందన్నాను. ఏడవడం మొదలుపెట్టింది. చెయ్యి వదిలాడన్న కోపం మనసులోంచి పోక ఇన్నేళ్లూ వాణ్ణి దగ్గరికి తీసుకోలేదురా, వాడికి అదీ తెలుసేమో అంది. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. 'వాడు వదల్లేదమ్మా, అదే విదిలించుకుని పరుగెత్తింది' అనేశాను."

"బావగారూ..."

"మరి అదెందుకు పరుగెత్తిందిరా అంది. ఎటు పరుగెత్తింది అంది. అడుగుతూనే ఉంది తల్లీ, అడుగుతూనే ఉంది."

"చెప్పారా?"

విజిల్ ఇంకోసారి వినపడింది. పిల్లలెవరో పకపకా నవ్వారు.

"చెప్పేశాను. ఆ తర్వాత అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ మళ్లీ చేస్తున్నా ఎత్తడం లేదు. ఒక్కసారి కిందికెళ్లి అమ్మని చూడండమ్మా. తొందరగా."

కోడలు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె మొహం చూసి ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పరుగెత్తుకుంటూ దిగారు. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో పిల్లలిద్దరూ ఇందాకటి లాగే బోర్లా పడుకుని ఒంటెకి రంగు వేస్తున్నారు.

ఆయన గదిలోకి వెళ్లాడు, బయటికి వచ్చాడు. వంటింట్లో చూశాడు, బాల్కనీలో చూశాడు. "నానమ్మేదీ?"

"బయటికెళ్లింది" అన్నాడు బుడ్డోడు, రంగు పెన్ను మూత నోట్లో పెట్టుకుని.

"ఎక్కడికి?"

"మెట్లు దిగి వెళ్లిపోయింది నాన్నా" అంది పాప లేచి కూర్చుంటూ. తండ్రి మొహం చూసి దాని గొంతు సన్నబడింది. "చెప్పులేసుకో నానమ్మా అంటే వినలేదు. ఎక్కడికంటే, నేను పిలిస్తే తప్పకుండా వస్తుంది, వెళ్లి పిలుచుకొస్తానంది. ఎవర్నంటే, చిట్టిని అంది."

పాప తల్లి వైపు తిరిగింది.

"చిట్టి ఎవరమ్మా?"